హోసన్నా వెతుక్కుంటూ యెరూషలేముకు

2019 ఏప్రిల్ 14, మట్టల ఆదివారం. యేసు ప్రభువు గాడిద మీద యెరూషలేములోకి వచ్చినప్పుడు జనం మట్టలు పట్టుకుని ఎదురెళ్లిన రోజు. మాది దివిసీమలో కాలువ చివరి ఊరు. ఊరేగింపు అయ్యాక అమ్మ ఈతమట్ట చేత్తో పట్టుకునే ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని మత్తయి సువార్త 21వ అధ్యాయం తీసింది. "ఏరా, వీధంతా హోసన్నా హోసన్నా అని పాడుకుంటూ వచ్చాం. ఇక్కడ చూస్తే దావీదు కుమారునికి జయము అని ఉంది. హోసన్నా అంటే జయమేనా?"

అవునమ్మా అనేశాను. తెలిసి చెప్పిన జవాబు కాదది. చిన్నప్పటి నుంచి పాడుతున్న మాటకు అర్థం నాకే తెలియదని ఆ రోజంతా మనసులో గుచ్చుకుంటూనే ఉంది. హైదరాబాదు తిరిగొచ్చాక హీబ్రూ అక్షరాలు 22 నేర్చుకున్నాను. ఆర్నెల్లకు కూడబలుక్కుని చదవడం వచ్చింది. ఈ మాటను యూదులు పర్ణశాలల పండుగలో రోజూ పలుకుతారని, ఆ పండుగ ఏడో రోజుకు దీని పేరే పెట్టుకున్నారని తెలిసింది. ఆఫీసులో సెలవు అడిగి, అక్టోబరుకు టికెట్ తీసుకున్నాను.

మొదటి రోజు, అక్టోబరు 15, మంగళవారం

ఢిల్లీ నుంచి టెల్ అవీవ్‌లో దిగేసరికి రాత్రి బాగా పొద్దుపోయింది. యెరూషలేముకు పదిమంది పట్టే షేర్ వ్యాన్ ఎక్కాను. నా ముందు సీటు వెనక చిన్న స్టిక్కర్ ఉంది. మొదటి మాట రెండే అక్షరాలు: నూన్, ఆలెఫ్. కలిపి చదివితే "నా". సీటు బెల్టు పెట్టుకోండి అని చెప్పే ముందు వాడిన "దయచేసి" అది.

నిద్రమత్తు వదిలిపోయింది. హోసన్నాలో చివరి "నా" ఇదే. హీబ్రూలో ఆ మాట "హోషీఆ నా". హోషీఆ అంటే రక్షించు, నా అంటే దయచేసి. వేల ఏళ్ల నాటి ప్రార్థనలోని మాట సీటు బెల్టు స్టిక్కర్ మీద ఇంకా పనిచేస్తోంది.

ఊళ్లోకి వచ్చాక ప్రతి అపార్ట్‌మెంట్ బాల్కనీలో, ప్రతి హోటల్ ముందు ఒక పందిరి కనిపించింది. గుడ్డ గోడలు, పైన ఖర్జూర మట్టలు. మన పెళ్లి పందిళ్లు గుర్తొచ్చాయి. అరణ్యంలో గుడారాల్లో బతికిన పూర్వీకులను తలుచుకుంటూ వారం రోజులు భోజనాలన్నీ ఆ పందిట్లోనే. అదే పర్ణశాల.

రెండో రోజు, అక్టోబరు 16, బుధవారం

గెస్ట్‌హౌస్ నడిపే పెద్దాయన రిటైర్డ్ స్కూల్ టీచర్. ఎందుకొచ్చానో చెబితే పొద్దున్నే నన్ను తనతోపాటు పడమటి గోడ దగ్గరకు తీసుకెళ్లారు. పాత దేవాలయపు ఆవరణలో మిగిలిన గోడ అది, యూదులు ప్రార్థన చేసుకునే చోటు. దారిలో గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమను ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము గోత్రం వాళ్లమని చెప్పుకునే తెలుగు కుటుంబాలున్నాయని, వాళ్లు హీబ్రూలో ప్రార్థన చేస్తారని చెప్పాను. ఆయన నడక ఆపేసి, ఊరి పేరు నాతో రెండుసార్లు పలికించుకున్నారు.

గోడ దగ్గర టోపీ పెట్టుకుని ఒక పక్కన నిలబడ్డాను. ప్రతివాళ్ల చేతుల్లో నాలుగు రకాలు. లేవీయకాండము 23వ అధ్యాయంలో మన తెలుగు బైబిలు వాటికి చక్కటి పేర్లు పెట్టింది: దబ్బపండు, ఈతమట్ట, గొంజి కొమ్మ, నిరవంజి కొమ్మ. చిన్నప్పుడు ఈ పేర్లు చదివి దాటేశాను. ఇప్పుడు పసుప్పచ్చటి దబ్బపండు ఎడమ చేతిలో, మిగతా మూడూ కలిపి కట్టిన కట్ట కుడి చేతిలో పట్టుకుని వందలమంది నిలబడి ఉంటే, ఆ అధ్యాయంలోకే నడిచి వచ్చినట్టుంది.

కీర్తనలు 113 నుంచి 118 దాకా పాడారు. దీన్ని హల్లేల్ అంటారు. 118వ కీర్తన 25వ వచనం రాగానే ఆ కట్టలన్నీ ఒక్కసారి కదిలాయి. తూర్పుకు, దక్షిణానికి, పడమరకు, ఉత్తరానికి, పైకి, కిందికి. ఎండిన మట్టల గలగల. "ఆనా అదోనాయ్ హోషీఆ నా." ప్రభువా, దయచేసి రక్షించు అని. నేను వెతుక్కుంటూ వచ్చిన మాట మనుషుల నోట వినడం అదే మొదటిసారి. నా చేతిలో ఏమీ లేదు గానీ చెయ్యి దానంతటదే లేచింది.

క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదుల ధర్మవిధుల గ్రంథం మిష్నాలో ఈ ఊపడం గురించే ఒక ముచ్చట ఉంది. ఏ మాట దగ్గర ఊపాలన్నది అప్పట్లో చర్చ. రబ్బీ (యూదు బోధకుడు) అకీవా చెబుతాడు: జనమంతా ఎన్నోచోట్ల ఊపుతుంటే, రబ్బాన్ గమలీయేలు, రబ్బీ యెహోషువ మాత్రం "హోషీఆ నా" దగ్గరే ఊపడం నేను కళ్లారా చూశాను అని.

పందిట్లో మధ్యాహ్న భోజనం చేస్తూ పెద్దాయన నా నోట్‌బుక్కులో ఒక ధాతువు రాసి ఇచ్చారు. యోద్, షిన్, అయిన్. రక్షణ అనే అర్థమంతా ఈ మూడక్షరాల్లో ఉంది. యెహోషువ, యెషయా, హోషేయ, యేషూవ, అన్నీ దీని పిల్లలే. యేసు ప్రభువు పేరుకు హీబ్రూ రూపం యేషూవ. అంటే మట్టలు పట్టుకుని జనం కేక వేసినప్పుడు, వాళ్ల కేకలోనూ గాడిద మీద కూర్చున్న ఆయన పేరులోనూ ఒకే ధాతువు ఉంది. నేను కాసేపు అన్నం ముట్టుకోలేదు.

"ఇది ముందు గుడిలో పుట్టిన మాట కాదు, రాజు ఎదుట పెట్టుకునే మొర" అన్నారాయన. రాజుల రెండో గ్రంథం 6వ అధ్యాయంలో సమరయ పట్టణం ముట్టడిలో ఉంది. తిండి లేదు. రాజు ప్రాకారం మీద వెళుతుంటే ఒక ఆడమనిషి "హోషీఆ, ఏలినవాడా, రాజా" అని అరుస్తుంది. సమూయేలు రెండో గ్రంథంలో తెకోవ ఊరి స్త్రీ కూడా దావీదు కాళ్ల మీద పడి ఇదే మాట అంటుంది. కాపాడండి దొరా అని మన పల్లెల్లో అన్నట్టే. ఆ మొర దేవుడి దగ్గరకు చేరి, దానికొక "నా" తోడై కీర్తన అయింది.

ఇంకొక విషయం నన్ను బాగా పట్టుకుంది. తెలుగు బైబిల్లో ఆ వచనం నన్ను రక్షించుము అని ఉంటుంది. హీబ్రూలో ఆ "నన్ను" లేదు. ఎవరిని రక్షించాలో చెప్పకుండానే వాక్యం ఆగిపోతుంది. ఒక్క మనిషి అన్నా సరిపోతుంది, ఊరంతా కలిసి అన్నా సరిపోతుంది.

సాయంత్రం ఒక్కణ్నే సిటీ బస్సెక్కి ఊరి పడమటి అంచున మోట్సా దగ్గర దిగాను. చూడటానికి హైవే, వంతెన, లోయ, అంతే. రాత్రి వ్యాన్ ఇటుగానే వచ్చింది, నాకు తెలియలేదు. దేవాలయం ఉన్న రోజుల్లో పర్ణశాలల పండుగకు నిరవంజి కొమ్మలు కోయడానికి జనం ఇక్కడికే దిగి వచ్చేవారని మిష్నా చెబుతుంది. పదకొండు మూరల పొడవైన కొమ్మలు తీసుకెళ్లి, తలలు బలిపీఠం మీదికి వంగేలా చుట్టూ నిలబెట్టి, బూరలు ఊది, "హోషీఆ నా" అంటూ రోజుకొకసారి తిరిగేవారు. ఏడో రోజు ఏడుసార్లు. లారీల హోరులో చీకటి పడేదాకా ఆ వంతెన కింద నిలబడ్డాను.

మూడో రోజు, అక్టోబరు 17, గురువారం

ఈ రోజు మట్టల ఆదివారం దారి. ఒలీవ కొండకు అవతలి వాలులో బేత్పగే. ఫ్రాన్సిస్కన్ల చిన్న చర్చి, 1883లో కట్టింది. లోపల గోడల చుట్టూ మట్టలు పట్టుకున్న జనం బొమ్మలు. ఒక పక్కన క్రూసేడర్ల నాటి బొమ్మలున్న రాతిదిమ్మ. ఇక్కడి నుంచి బేతనియ కూతవేటు దూరమే. కానీ మధ్యలో ఇప్పుడు ఎత్తైన కాంక్రీటు గోడ ఉంది. ప్రభువు నడిచిన దారిలో నేరుగా నడవడానికి లేదు.

నాలుగో శతాబ్దంలో ఎగేరియా అనే యాత్రికురాలు ఇక్కడి ఊరేగింపును రాసిపెట్టింది. సాయంత్రం కొండ మీద నుంచి బిషప్పుతో అందరూ కాలినడకన దిగేవారు. పిల్లల చేతుల్లో ఖర్జూర, ఒలీవ కొమ్మలు. నడవలేని చంటిపిల్లల్ని తల్లిదండ్రులు మెడల మీద ఎక్కించుకునేవారు. మా ఊళ్లోనూ అంతే, నన్ను నాన్న మెడ మీద కూర్చోబెట్టుకుని తిప్పేవాడు.

కొండ దిగే దారి చాలా ఏటవాలు. కుడిచేతి పక్కన ఒలీవ చెట్లు, ఎడమచేతి పక్కన వేల యూదు సమాధులు, ఎదురుగా కిద్రోను లోయ దాటి పాత నగరం గోడ. దేవాలయం కూలిపోయిన తర్వాత, వెయ్యేళ్ల కిందట, యూదులు ఇదే పండుగ ఏడో రోజున దూరదేశాల నుంచి వచ్చి ఈ కొండ మీదే చేరి ప్రార్థించేవారట. బలిపీఠం లేదు కాబట్టి అది ఉన్న చోటు కనిపించే కొండ మీదికి వచ్చారు. ఒకే కొండ మీద ఆ జనమూ ఈ జనమూ ఒకే మాట పలికారు.

సగం దారిలో ఒక పిట్టగోడ మీద కూర్చుని తెలుగు బైబిలు తీశాను. అమ్మ ప్రశ్నకు జవాబు రాసుకోవాలనిపించింది. కొత్త నిబంధన గ్రీకులో హోసన్నా ఆరుసార్లు వస్తుంది: మత్తయిలో మూడు, మార్కులో రెండు, యోహానులో ఒకటి. లూకా అదే ఊరేగింపు చెప్పినా ఆ మాట వాడలేదు. మిగిలిన ముగ్గురూ దాన్ని గ్రీకులోకి అనువదించకుండా శబ్దాన్నే ఉంచేశారు. పైగా మత్తయిలో "దావీదు కుమారునికి హోసన్నా" అని ఉంది. "దావీదు కుమారునికి దయచేసి రక్షించు" అంటే వాక్యం అతకదు. అంటే అప్పటికే ఆ మొర ఒక జేజేగా కూడా మారుతోంది. మాల వేసుకున్న మా ఆఫీసు మిత్రులు శరణం అంటూ ఆనందంగా ఘోష చేస్తారు. శరణం అనేది కాపాడమని అడిగే మాటే కదా. అలాగే ఇదీ. ఆ ఊరేగింపు జరిగింది పస్కా పండుగ రోజుల్లో. పస్కాకు వచ్చినవాళ్లు కూడా హల్లేల్ కీర్తనలు పాడుకుంటారు కాబట్టి 118వ కీర్తన అందరి నాలుకల మీదా ఉన్నదే.

కాబట్టి "జయము" అని రాసిన మన అనువాదకులు తప్పు చేశారని అనను. ఊరేగింపులో కేకకు అది సరిపోయే మాట. కానీ దానివల్ల మా అమ్మకు ఒక నష్టం జరిగింది. కీర్తనల్లో "దయచేసి రక్షించుము", సువార్తలో "జయము", పాటలో "హోసన్నా". మూడూ ఒకే మాట అని తెలిసే దారి ఆమెకు మూసుకుపోయింది. పేజీ కింద ఒక చిన్న వివరణ ఉండాల్సింది.

రాత్రి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లైన్ కట్టయిందేమో అనుకున్నాను.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. పదివేలమందికి పైగా పోయారు. అమ్మకు అప్పుడు పదిహేడేళ్లు. తాడిచెట్టును పట్టుకుని తెల్లారేదాకా బతికింది. ఆమె తమ్ముడు దొరకలేదు. ఇంతకుమించి ఆమె మాకు ఎప్పుడూ చెప్పలేదు.

"ఆ రాత్రి మేం అరిచింది అదేరా" అంది చివరికి. "రక్షించు దేవా, రక్షించు దేవా అని. ఎవర్నో కూడా చెప్పలేదు. అంత నీళ్లలో ఎవరి పేరని చెబుతాం." కాసేపాగి, "హోసన్నా అంటే అదని ఇన్నాళ్లూ నాకెవరూ చెప్పలేదే" అంది.

నాలుగో రోజు, అక్టోబరు 18, శుక్రవారం

దమస్కు గుమ్మం దగ్గర బస్సెక్కి బేత్లెహేము. జనన చర్చి పక్కనే ఉన్న కేథరిన్ చర్చిలో మెట్లు దిగితే జెరోము ఉన్న గుహ. 386 నుంచి చనిపోయేదాకా ఆయన ఈ ఊళ్లోనే ఉండి, హీబ్రూ నుంచి లాటిన్‌లోకి పాత నిబంధన అనువదించాడు. అంతకు మూడేళ్ల ముందు రోమ్‌లో ఉండగా పోపు దమాసుస్ ఆయన్ని అడిగిన ప్రశ్న, మా అమ్మ అడిగిందే: హోసన్నా అంటే ఏమిటి? అప్పటి పెద్దలు కొందరు దావీదు ఇంటి విమోచన అని, కొందరు మహిమ అని చెప్పేవారు. జెరోము ఆ రెండూ కాదన్నాడు. 118వ కీర్తనకు వెళ్లి, హీబ్రూ అక్షరాలు విడదీసి, "రక్షించు, వేడుకుంటున్నాను" అని జవాబు రాశాడు. తర్వాత ఇంకో క్రైస్తవ పండితుడు అగస్టీన్ దీన్ని సంతోషంలో నోటి నుంచి వెలువడే శబ్దంగా లెక్కగట్టాడు. నాకు జెరోము జవాబే నచ్చింది. మాట ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికి వెళ్లి చూసొచ్చాడు.

వచ్చేటప్పుడు చెక్‌పోస్టు దగ్గర బస్సు చాలాసేపు ఆగింది. సబ్బాతు (శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలయ్యే యూదుల విశ్రాంతి దినం) మొదలయ్యేలోపు గెస్ట్‌హౌస్ చేరతానో లేదోనని టెన్షన్ పడ్డాను. చేరాను.

ఐదో రోజు, అక్టోబరు 19, శనివారం

సబ్బాతు. బస్సుల్లేవు, కొట్లు లేవు. నాలుగు రకాలనూ ఈ రోజు చేత పట్టుకోరు. ప్రదక్షిణ కూడా లేదు, హోషనా ప్రార్థన నిలబడే చెప్పుకుంటారు. హోషీఆ నాకు పొట్టి రూపమే హోషనా. నేను పగలంతా పందిట్లో పడుకుని మట్టల సందుల్లోంచి ఆకాశం చూశాను.

మూడు నక్షత్రాలు కనబడగానే ఊరు మారిపోయింది. వీధి మొగల్లో పదేళ్ల కుర్రాళ్లు బకెట్లలో నిరవంజి కట్టలు పెట్టుకుని అరుస్తున్నారు: "హోషనోత్! హోషనోత్!" నాకు ఒళ్లు జలదరించింది. అప్పుడెప్పుడో ఆ ప్రార్థన పేరు కొమ్మకే వచ్చేసింది. వాళ్లు అమ్ముతున్నది ఆకు కట్టలే, అరుస్తున్నది మాత్రం "రక్షించు, రక్షించు" అని. పది షెకెళ్లు ఇచ్చి ఒక కట్ట కొన్నాను. అయిదు రెమ్మలు, సన్నటి పొడుగాటి ఆకులు. వాసన లేదు, పండు లేదు. నీటి పక్కన పెరిగి, నీరందకపోతే ముందుగా వాడిపోయేది ఇదే.

ఈ రాత్రి చాలామంది నిద్రపోరు. ద్వితీయోపదేశకాండము చివరిదాకా చదువుతారు, కీర్తనలు చదువుతారు. నేను నా తెలుగు బైబిల్లో 113 నుంచి మొదలుపెట్టాను. మూడింటికి గోడ వైపు బయలుదేరాను.

ఆరో రోజు, అక్టోబరు 20, ఆదివారం

హోషనా రబ్బా. పెద్ద హోసన్నా అనుకోవచ్చు. ఆరూ ముప్పావుకు సూర్యుడు వచ్చేసరికి గోడ ముందు కాలు పెట్టే చోటు లేదు. అక్కడక్కడ బల్లల దగ్గర ధర్మశాస్త్రపు చుట్టలు పట్టుకుని కొందరు నిలబడితే, మిగిలినవాళ్లు నాలుగు రకాలూ పట్టుకుని చుట్టూ తిరుగుతున్నారు. "హోషనా, నీ కోసమే మా దేవా, హోషనా. హోషనా, నీ కోసమే మా సృష్టికర్తా, హోషనా." ముందువాడు ఒక చరణం అంటే వెనకవాళ్లు హోషనా అందుకుంటారు. ఏడుసార్లు.

ఈ పండుగలో లోకానికి రాబోయే ఏడాది నీళ్లు ఎన్నో తీర్పు జరుగుతుందని మిష్నా మాట. అందుకే దేవాలయం ఉన్నప్పుడు సిలోయము కోనేటి నుంచి బంగారు కూజాతో నీళ్లు తెచ్చి బలిపీఠం మీద పోసేవారు. యోహాను 7వ అధ్యాయంలో పండుగ మహాదినాన ప్రభువు నిలబడి దప్పిగొన్నవాడు నా దగ్గరకు రావాలని కేక వేసింది ఈ పండుగలోనే. నీళ్ల కోసం ఊరంతా మొరపెట్టుకుంటున్న చోట ఆయన ఆ మాట అన్నాడు.

పెద్దాయన ప్రార్థన పుస్తకంలో వేలితో చూపిస్తూ మెల్లగా అర్థం చెబుతున్నారు. "నేలను శాపం నుంచి. పశువును ఈచుకుపోకుండా. కళ్లాన్ని పురుగు నుంచి. ధాన్యాన్ని మాడిపోకుండా." ప్రతిదాని ముందూ రక్షించు. ఇందులో రాజు లేడు, విజయం లేదు. రైతు ఇంట్లో రాత్రిపూట లెక్కపెట్టుకునే భయాలున్నాయి. కాలువ చివర నీరు రాక నాన్న గట్టు మీద కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి. ఈ ప్రార్థన మా ఊళ్లో చదివితే ఎవరికీ అర్థం చెప్పనక్కర్లేదు.

ఏడో చుట్టు అయ్యాక అందరూ నాలుగు రకాలూ పక్కన పెట్టి నిరవంజి కట్టలు తీశారు. వంగి, ఆ అయిదు రెమ్మలతో నేలను కొట్టారు. ఒకసారి, రెండుసార్లు, అయిదుసార్లు. వేల కట్టలు రాతినేల మీద పడుతుంటే వడగళ్ల చప్పుడులా ఉంది. ప్రవక్తల కాలం నుంచి వచ్చిన ఆచారమని మిష్నా మీద వ్యాఖ్యానమైన తల్ముదు చెబుతుందట, పెద్దాయన ఇంకేమీ వివరించలేదు. నా కట్ట వైపు చూసి తల ఊపారు. నేనూ మోకాళ్ల మీద కూర్చుని కొట్టాను. "హోషీఆ నా" అన్నాను. ఎవరినని చెప్పలేదు. నేనెప్పుడూ చూడని మేనమామ, గట్టు మీద నాన్న, చెట్టును కరుచుకున్న పదిహేడేళ్ల పిల్ల, అందరూ అందులో పట్టారు. ఆకులు రాలి నేలంతా పచ్చగా అయింది. కాసేపటికి చీపుళ్లతో పిల్లలు వచ్చి ఊడవడం మొదలుపెట్టారు.

మెట్లెక్కి పైకొచ్చి అమ్మకు ఫోన్ చేశాను. నీళ్ల కోసం, వాన కోసం చేసే ప్రార్థన అని, రేపటి నుంచి ప్రార్థనలో వాన పేరెత్తుతారని చెప్పాను. అంతా విని, "అయితే అక్కడ వాన పడిందా?" అంది.

ఆకాశం వైపు చూశాను. ఎక్కడా మబ్బు తునక లేదు.

"ఇంకా లేదమ్మా."

"అడిగారుగా" అంది. "పడుద్దిలే."